అక్కడ సీజను.. ఇక్కడ కేసు!
అమెరికా జింకల వేటలో గొట్టపు మూతి తుపాకీ, దూరదర్శిని ఎంపిక వెనుక కథ
తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

ఆత్మకూరు: అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ యువకుడొకరు వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించినట్లు 2024 నవంబరులో వార్తలు వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ వార్త అనేక కుటుంబాలను కలవరపరచింది. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లవాడికి తుపాకీ ఎక్కడిది, వేట తుపాకీ కొనుక్కోవడానికి అక్కడి ప్రభుత్వం ఎలా ఒప్పుకుంటుంది, అసలు జింకను కాల్చడం నేరం కాదా అన్న ప్రశ్నలు రచ్చబండల దగ్గర ఈనాటికీ వినిపిస్తున్నాయి. నల్లమల అంచు గ్రామాలనుంచి కూడా అమెరికా వెళ్ళిన యువకుల సంఖ్య గత రెండు దశాబ్దాల్లో గణనీయంగా పెరిగింది. నారింజ రంగు చొక్కా, చేతిలో తుపాకీ, కాళ్ళ దగ్గర కొమ్ముల జింక ఉన్న ఫొటో వాట్సాప్‌లో వస్తే ఇంట్లోవారికి గర్వపడాలో, భయపడాలో పాలుపోవడం లేదు. ఇక్కడ అటువంటి ఫొటో బయటికి వస్తే మరునాడు ఉదయానికల్లా అటవీ సిబ్బంది ఇంటి ముందు ఉంటారు మరి.

ఈ నేపథ్యంలో అక్కడి వేటగాళ్ళు 'మజిల్‌ లోడర్‌' అని పిలిచే గొట్టపు మూతి తుపాకీ గురించి, దానిపై బిగించే స్కోపు గురించి, ఆ రెండింటి ఎంపికను శాసించే చట్టాల గురించి వివరంగా పరిశీలించడం అవసరం. మూతిలోనుంచి మందు, గుండు కూరి కాల్చే ఈ ఆయుధం మనకు కొత్తదేమీ కాదు. మన పల్లెల్లో నాటు తుపాకీ అన్నా, పోలీసు రికార్డుల్లో ఎస్‌బీఎంఎల్‌ అన్నా సూత్రం అదే. అయితే అక్కడిదానికీ ఇక్కడిదానికీ మధ్య పోలిక సూత్రంతోనే ఆగిపోతుంది.

వేట ఎందుకు అనుమతిస్తున్నారు?

అమెరికాలోనూ ఒకప్పుడు జింకలు అంతరించే దశకు వచ్చాయి. మాంసం, తోలు వ్యాపారం కోసం అదుపులేకుండా వేటాడినందువల్ల 1900 నాటికి తెల్లతోక జింకలు మూడు నుంచి అయిదు లక్షలకు పడిపోయినట్లు అంచనా. అదే ఏడాది వచ్చిన లేసీ చట్టం అక్రమంగా చంపిన జంతువులను ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి తరలించి అమ్ముకోవడాన్ని నేరంగా పరిగణించింది. 1937లో వచ్చిన పిట్‌మన్‌-రాబర్ట్‌సన్‌ చట్టం ప్రకారం పొడవు తుపాకులు, తూటాలపై వసూలయ్యే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతోంది. లైసెన్సు రుసుములు దీనికి అదనం. అంటే అక్కడ అడవిని కాపాడే ఉద్యోగి జీతంలో వేటగాడి సొమ్ము కూడా కొంత ఉన్నది. ప్రస్తుతం తెల్లతోక జింకల సంఖ్య మూడు కోట్ల వరకు ఉంటుందని అంచనా. తోడేళ్ళు, కొండ సింహాలు లేకుండా పోయిన తూర్పు రాష్ట్రాల్లో ఈ జింకలు పంటలను మేస్తున్నాయి, రహదారులపై వాహనాలకు అడ్డుపడుతున్నాయి. కనుక ఏ ప్రాంతంలో ఎన్నింటిని, ఏ తేదీల మధ్య, ఏ ఆయుధంతో చంపవచ్చునో ఏటా రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తోంది. అడవి జింక మాంసాన్ని అమ్ముకోవడం మాత్రం నేరమే. తినవచ్చు, పంచుకోవచ్చు, అన్నదాన సంస్థలకు ఇవ్వవచ్చు.

ఈ పద్ధతి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. జీవహింసను సరదాగా భావించడం మన పెద్దలకు మింగుడుపడని విషయమే. అయినప్పటికీ అక్కడ జరుగుతున్నది దొంగచాటు వ్యవహారం కాదని, లెక్కా పత్రం ఉన్న వ్యవహారమని అంగీకరించక తప్పదు.

పాత తుపాకీకి ప్రత్యేక సీజను

విల్లుకు ఒక సీజను, మామూలు రైఫిలుకు ఒక సీజను, గొట్టపు మూతి తుపాకీకి మరొక సీజను చొప్పున అనేక రాష్ట్రాలు తేదీలను విడదీశాయి. ఒకే గుండు, ఒకే అవకాశం. తప్పితే మళ్ళీ మందు పోసి, గుండు కూరి, కడ్డీతో దట్టించేసరికి జింక కంటికి కనిపించదు. అందువల్ల ఈ సీజనులో చచ్చే జంతువులు తక్కువ, అడవిలో రద్దీ తక్కువ. ఎక్కువమందికి అవకాశం ఇస్తూనే వేటను అదుపులో ఉంచడానికి ప్రభుత్వాలకు ఇది అనువైన మార్గమయింది. అదనంగా మరికొన్ని రోజులు వేటాడవచ్చునన్న ఆశతోనే చాలామంది ఈ తుపాకీ కొంటున్నారు తప్ప పాతకాలపు ఆయుధంపై మమకారంతో కొనేవారు కొద్దిమందే.

ఈ సడలింపును ఆసరాగా చేసుకొని తుపాకీని రానురాను ఆధునికం చేసుకుంటూ పోవడమే నేటి వివాదానికి మూలం.

చెకుముకినుంచి ప్రైమరు దాకా

ఈ తుపాకులు మూడు రకాలు. మొదటిది చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేది. రెండోది పేలుడు టోపీ మీద సుత్తి పడితే పేలేది. మన నాటు తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ రెండో కోవలోనివే. మూడోది 'ఇన్‌లైన్‌'. ఇందులో నిప్పు పుట్టే చోటు గొట్టం వెనుక తిన్నగా, మందుకు ఎదురుగా ఉంటుంది. 1985లో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన టోనీ నైట్‌ ఎంకే-85 అనే నమూనాను తీసుకువచ్చిన తరువాత ఈ రకం మార్కెట్టును ఆక్రమించింది. షాట్‌గన్‌ తూటాల్లో వాడే 209 రకం ప్రైమరు ఇందులో నిప్పు అందిస్తుంది. వాన తుంపరలోనూ సాధారణంగా మొరాయించదు. వెనుక భాగం మరతో ఊడివస్తుంది గనుక శుభ్రం చేయడమూ తేలిక. వేట మొదలుపెట్టే యువకులు సీవీఏ, ట్రెడిషన్స్‌ వంటి కంపెనీల ఇన్‌లైన్‌ తుపాకులనే ఎంచుకోవడానికి కారణం ఇదే.

జింకల వేటకు ఎక్కువగా వాడుకలో ఉన్న గొట్టం కొలత 0.50 అంగుళం, అనగా సుమారు 12.7 మిల్లీమీటర్లు. గుండ్లు, సామగ్రి ఏ పట్టణంలోనైనా దొరకడం దీనికి ఉన్న అనుకూలత. 0.45, 0.54 కొలతలూ ఉన్నాయి గానీ కొత్తవారికి వాటివల్ల ప్రత్యేక ప్రయోజనం కనిపించదు.

గొట్టం కొలతకన్నా కొనేవారు పట్టించుకోవలసినది దాని లోపలి మెలికను. గుండును గిరగిర తిప్పి తిన్నగా పంపడానికి గొట్టం లోపల మెలికల గాడులు ఉంటాయి. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడి పొడవాటి గుండుకు, ప్లాస్టిక్‌ తొడుగులో అమర్చిన గుండుకు సరిపోతుంది. 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది గుండ్రటి సీసపు గుండుకు నప్పుతుంది. 48 అంగుళాలది మధ్యరకం. పొడవాటి గుండును నిదానపు మెలికలో వేస్తే అది తూలుతూ పోతుంది. గుండ్రటి దానిని వడి మెలికలో ఎక్కువ మందుతో వేస్తే గాడులను పట్టుకోకుండా జారిపోతుంది. తుపాకీ మంచిది కాదని దుకాణదారును తిట్టేవారిలో సగంమంది గుండు మార్చి చూస్తే సరిపోతుందేమో! మన నాటు తుపాకీకి ఈ గాడులే ఉండవు. నున్నని గొట్టంలోనుంచి వెలువడే గుండు ఏభై గజాలు దాటితే ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. చావకుండా గాయంతో పారిపోయి పొదల్లో రోజుల తరబడి కుళ్ళి చనిపోయే జింకల దుస్థితికి ముఖ్య కారణం ఇదే.

మందులోనే ప్రమాదం

సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు అసలుది. పైరోడెక్స్‌, ట్రిపుల్‌ సెవెన్‌, బ్లాక్‌హార్న్‌ 209 వంటివి దానికి ప్రత్యామ్నాయాలు. పొడిగానూ, బిళ్ళలుగానూ దొరుకుతాయి. బిళ్ళ వేయడం సులభమే గానీ పొడిని కొలుచుకుంటే మోతాదును తుపాకీకి తగినట్లు సవరించుకోవచ్చు. జింకకు 80 నుంచి 100 గ్రెయిన్ల మోతాదు చాలునన్నది అనుభవజ్ఞుల మాట. ఈ గ్రెయిన్లు నల్లమందు లెక్కన కొలపాత్రతో కొలిచేవే గాని తక్కెడతో తూచేవి కావు. ప్రత్యామ్నాయ మందులు నల్లమందుకన్నా తేలికైనవి గనుక వాటిని నల్లమందు బరువుకు సమానంగా తూచి పోస్తే మోతాదు ప్రమాదకరంగా పెరిగిపోతుంది. 150 గ్రెయిన్లు పట్టే తుపాకులనూ కంపెనీలు గొప్పగా ప్రచారం చేస్తున్నాయి. ఆ చివరి 50 గ్రెయిన్లవల్ల భుజం నొప్పి, పొగ పెరిగినంతగా గురి పెరగదు.

మామూలు తూటాల్లో వాడే పొగరాని మందును ఈ తుపాకీలో పోయడం ప్రాణాంతకం. ప్రత్యేకించి అందుకోసమే తయారైన కొద్ది నమూనాలు మినహా మిగిలిన గొట్టాలు ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగిలిపోతాయి. తుపాకీతోపాటు వచ్చే పుస్తకంలో పేరు రాసి ఉన్న మందు తప్ప వేరొకటి వాడరాదు.

నల్లమందు మసి తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్ళు, సబ్బుతో గొట్టాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఇంటికి వచ్చి అలసటతో తుపాకీని మూలనపెడితే మరుసటి సీజనుకు గొట్టంలో తుప్పు గుంటలే మిగులుతాయి.

స్కోపు: ఎంతదూరం చూడాలి?

స్కోపు విషయంలో మనవారు చేసే పొరపాటు ఫోన్‌ కెమెరా కొన్నట్టు ఎక్కువ జూమ్‌ ఉన్నది కొనడం. సాధారణంగా అమ్ముడుపోయేది 3-9x40 రకం. వస్తువును మూడురెట్లనుంచి తొమ్మిదిరెట్ల వరకు పెద్దదిగా చూపుతుందని, ముందున్న అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లని ఆ అంకెలకు అర్థం. తెల్లతోక జింకలు తిరిగేది చెట్ల మధ్య. వాటిని చాలావరకు వంద గజాల లోపునే కాలుస్తారు. అక్కడ తొమ్మిదిరెట్లు పెట్టి చూస్తే కనిపించేది ఒక చెవో, ఒక కొమ్మో! 2-7 రకం, 1-4 రకం అడవికి చాలు. పశ్చిమ రాష్ట్రాల బయలు ప్రదేశాల్లో తిరిగే మ్యూల్‌ జింకల వేటకు మాత్రం పెద్ద స్కోపువల్ల కొంత ఉపయోగం ఉంది, అదీ చట్టం అనుమతించిన చోట.

రెట్లు పెంచినకొద్దీ వెలుతురు తగ్గుతుందన్నది దుకాణాల్లో ఎవరూ చెప్పని విషయం. ముందు అద్దం కొలతను రెట్ల సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వ్యాసం వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 4తో భాగిస్తే 10 మిల్లీమీటర్లు. మసక వెలుతురులో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. జింకలు బయటికి వచ్చేది తెల్లవారుజామున, మునిమాపువేళ గనుక తక్కువ రెట్లలో పెట్టినవాడికే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక కంటికీ అద్దానికీ మధ్య ఉండవలసిన దూరం. బరువైన గుండు, ఎక్కువ మందు కలిసినప్పుడు ఈ తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. మూడున్నర, నాలుగు అంగుళాల ఎడం లేకపోతే స్కోపు అంచు కనుబొమపై అర్ధచంద్రాకారంలో గాటు పెడుతుంది. వేట శిబిరాల్లో ఆ గాటు చూసి నవ్వుకోవడం పరిపాటి. నెత్తురు కారుతున్నవాడికి మాత్రం నవ్వు రాదు. లోపల నైట్రోజన్‌ నింపి నీరు, మంచు చొరకుండా చేసిన స్కోపును, గట్టి బిగింపు కడియాలను తీసుకోవాలి. సొమ్ము పరిమితంగా ఉన్నప్పుడు తుపాకీలో కొంత తగ్గించి అద్దంలో పెట్టడం మేలని ఈ విలేకరి అభిప్రాయం. చవక ఇన్‌లైన్‌ తుపాకీ అయినా తిన్నగానే కాలుస్తుంది. చవక స్కోపు మాత్రం పది దెబ్బలకు గురి తప్పుతుంది.

వంద గజాలకు గురి సరిచేసుకున్న తుపాకీలో 100 గ్రెయిన్ల మందుతో కాల్చిన గుండు రెండు వందల గజాల దగ్గరకు చేరేసరికి అడుగుకు పైగానే కిందికి దిగిపోతుంది. జింక ఛాతీలో ప్రాణస్థానం ఎత్తు సుమారు ఎనిమిది అంగుళాలు మాత్రమే. అంటే స్కోపులో స్పష్టంగా కనిపించినంత మాత్రాన గుండు చేరుతుందని కాదు. ఇది తెలియక అద్దంలో దగ్గరగా కనిపించినదల్లా దగ్గరే ఉన్నదనుకుని కాల్చి జంతువులను గాయపరుస్తున్నవారు ఉన్నారని అక్కడి వేటగాళ్ళే వాపోతున్నారు.

రాష్ట్రాల మధ్య పేచీ

స్కోపుపై అమెరికాలో ఒకే చట్టం లేదు. కొలరాడోలో ఈ సీజనులో స్కోపు పూర్తిగా నిషిద్ధం. మామూలు ఇనుప గురి గుర్తులతోనే కాల్చాలి. ప్లాస్టిక్‌ తొడుగు గుండు, బిళ్ళ మందు కూడా అక్కడ కూడవు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్‌ తరువాత వచ్చే సీజను చెకుముకి తుపాకీకి మాత్రమే. ఐడహో రాష్ట్రం నిప్పు పుట్టే భాగం బయటికి కనిపించే తుపాకీనే ఒప్పుకుంటుంది, స్కోపును ఒప్పుకోదు. తూర్పు, మధ్య ప్రాంతాల్లోని అనేక రాష్ట్రాల్లో ఇన్‌లైన్‌కూ, స్కోపుకూ అభ్యంతరం లేదు. యూటా రాష్ట్రం ఉదంతం మరీ ఆసక్తికరం. 2016లో దూరాన్ని దగ్గరచేసి చూపే స్కోపులను అనుమతించిన ఆ రాష్ట్రం, దూరంనుంచి కాల్చడం పెరిగిపోతున్నదన్న ఆందోళనతో 2024 వేట సీజనునుంచి ఈ తుపాకీల సీజనులో వాటిని తిరిగి కట్టడి చేసింది. ఆ ఎనిమిదేళ్ళలో వందల డాలర్లు పోసి స్కోపులు కొనుక్కున్నవారు లబోదిబోమన్నారు.

ప్రభుత్వ వాదనలో న్యాయం లేకపోలేదు. తుపాకీ పాతది, గురి కష్టం అన్న కారణంగానే అదనపు రోజులు ఇచ్చారు. ఆ కష్టాన్ని యంత్రంతో తొలగించుకుని రోజులు మాత్రం అలాగే కావాలంటే ఎలా? మరోవైపు వయసు మీరి చూపు మందగించిన వేటగాడికి ఇనుప గుర్తు కనిపించదని, స్కోపు ఉంటే జింకను గాయపరచకుండా ఒక్క దెబ్బకు చంపగలడని ఎదుటివారి వాదన. రెండింటిలోనూ సత్యం ఉన్నది. మన దేశంలో వల కన్ను సైజు విషయంలో మత్స్యకారులకూ ప్రభుత్వానికీ మధ్య నడిచే తగాదా ఇటువంటిదే.

కనుక తుపాకీ కొనేముందు చదవవలసినది కంపెనీ కాగితం కాదు, ఆ ఏడాదికి ఆ రాష్ట్రం ప్రచురించిన వేట నియమావళి. చదువు పూర్తయి, ఉద్యోగం నిమిత్తం ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి మారే మన పిల్లలకు ఇది మరింత ముఖ్యం. ఒహాయోలో చెల్లిన తుపాకీ కొలరాడోలో కేసు తెచ్చిపెడుతుంది.

వీసాదారులకు ఉన్న మెలిక

స్టూడెంట్‌ వీసా, హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న విదేశీయులు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్‌ చట్టం సాధారణంగా నిషేధించింది. ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. మన విద్యార్థుల చేతికి తుపాకీ వస్తున్నది ఈ దారినే. లైసెన్సు గడువు తీరితే మినహాయింపు కూడా తీరిపోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది! ఈ చిన్న సంగతిని చాలామంది గమనించడం లేదు.

గొట్టపు మూతి తుపాకీకి ఇంకో విశేషం ఉన్నది. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం మామూలు తూటాలు వాడే వీలులేని నల్లమందు తుపాకులను పురాతన ఆయుధాల కోవలో చేర్చింది. అందువల్ల ఫెడరల్‌ స్థాయిలో పూర్వాపర విచారణ లేకుండానే, కొన్నిచోట్ల పోస్టు ద్వారా కూడా ఇవి ఇంటికి చేరుతున్నాయి. అయితే గొట్టం మార్చి తూటాలు కాల్చగల నమూనాలకు ఈ సడలింపు వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరు, విశ్వవిద్యాలయాల వసతి గృహాల నిబంధనలు వేరు. తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే దేశంనుంచి పంపివేయడానికి అది చాలు. లక్షలు అప్పుచేసి పంపిన తండ్రికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండబోదు. స్నేహితుడు చెప్పాడనో, యూట్యూబ్‌లో చూశాననో కాకుండా వలస వ్యవహారాల న్యాయవాదిని ఒకమాట అడిగిన తరువాతే అడుగు వేయడం మంచిది.

వేట లైసెన్సు పొందడానికి అనేక రాష్ట్రాల్లో భద్రతా శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్‌ తెచ్చుకోవాలి. కొన్నిచోట్ల దీనిని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. పుట్టి బుద్ధెరిగాక తుపాకీని సినిమాలో తప్ప చూడని కుర్రవాడికి ఆ చదువు చాలదు. అనుభవం ఉన్న పెద్దమనిషి పక్కన ఉండి కనీసం ఒక సీజను నేర్పాలి.

గొట్టంలో ఏమున్నదో ఎలా తెలుస్తుంది?

మామూలు రైఫిలులో తూటా ఉన్నదీ లేనిదీ వెనుక తెరచి చూస్తే తెలుస్తుంది. ఈ తుపాకీలో మందు, గుండు గొట్టం అడుగున ఉంటాయి గనుక బయటికి ఏమీ కనిపించదు. నెలల క్రితం కూరిన మందు కూడా పేలుతుంది. దీనికి పాతకాలంనుంచి ఒక సులువైన ఉపాయం ఉన్నది. ఖాళీ గొట్టంలోకి కూరే కడ్డీని దించి మూతి దగ్గర ఒక గీత, మందు గుండు కూరిన తరువాత దించి మరొక గీత పెట్టుకోవాలి. తుపాకీని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ముందు ప్రైమరు లేదా టోపీ లేదని రూఢి చేసుకుని, ఆపైన కడ్డీ దించి చూస్తే ఏ గీత దగ్గర ఆగిందో దానినిబట్టి లోపల ఉన్నదో లేదో తేలిపోతుంది. ప్రైమరు తీయకుండా తుపాకీని వాహనంలో ఎక్కించరాదు, ఇంట్లోకి తేరాదు, శుభ్రం చేయబోరాదు.

ట్రిగ్గరు నొక్కినప్పుడు పేలకపోతే వెంటనే దించి మూతిలోకి చూడడం మరో ఘోర తప్పిదం. లోపల మందు నిదానంగా రగులుతూ కొన్ని క్షణాల తరువాత పేలవచ్చు. కనీసం ఒక నిమిషంపాటు మూతిని నిర్జన దిశగానే ఉంచాలి. కాల్చిన వెంటనే డబ్బానుంచి నేరుగా గొట్టంలోకి మందు ఒంపితే లోపల మిగిలిన నిప్పురవ్వ డబ్బానంతా అంటించవచ్చు. విడిగా కొలపాత్రలోకి తీసుకుని పోయాలన్న నియమం అందుకే పుట్టింది. మన పల్లెల్లో నాటు తుపాకీ పేలి వేళ్ళు, చూపు పోగొట్టుకున్నవారిలో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారో అనుమానమే.

మాంసం విషయమూ ఒకటి చెప్పుకోవాలి. 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన ఒక మెదడు వ్యాధి జింకలను చిక్కిశల్యం చేసి చంపుతోంది. మనుషులకు సోకినట్లు రుజువు కాలేదు. అయినా వ్యాధి ఉన్న ప్రాంతాల్లో మాంసాన్ని పరీక్ష చేయించిన తరువాతే తినాలని అక్కడి ఆరోగ్య అధికారులు సూచిస్తున్నారు.

మన దగ్గర మాటేమిటి?

అక్కడ చూసిన అలవాటును సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ కొనసాగించాలనుకునేవారికి, వారిని ఉత్సాహపరిచే స్థానిక మిత్రులకు చట్టం మరోరకంగా ఉన్నదన్న స్పృహ ఉండాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఒకప్పుడు వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవి రద్దయ్యాయి. కృష్ణజింక మొదటినుంచీ మొదటి షెడ్యూలులోనే ఉన్నది. దానిని చంపినా, అభయారణ్యంలో ఏ వేట సాగించినా మూడునుంచి ఏడేళ్ళ జైలు, 2023 ఏప్రిల్‌ 1నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం కనీసం 25 వేల రూపాయల జరిమానా తప్పదు. ఇతర నేరాలకు మూడేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వాహనం, ఆయుధం జప్తవుతాయి. నేరం రుజువైతే ఆ తుపాకీ లైసెన్సును రద్దుచేసి, అయిదేళ్ళపాటు కొత్తది రాకుండా కోర్టు ఆదేశించవచ్చు. లైసెన్సు లేని నాటు తుపాకీ అయితే ఆయుధాల చట్టం కింద మరొక కేసు. 2019 సవరణ తరువాత అటువంటి ఆయుధాలను తయారుచేసి అమ్మేవారికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం.

ఇక్కడే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షను పంట రక్షణ కోసం నిజాయితీగా అడిగిన రైతుకు గొట్టపు మూతి తుపాకీ లైసెన్సు ఇవ్వవలసినదిగా పేరుపెట్టి మరీ చెబుతోంది. ఆ తుపాకీ చాలదని అధికారి భావిస్తే మరో నున్న గొట్టపు తుపాకీకి కూడా ఇవ్వవచ్చునంటోంది. తుపాకీ చేతికి వచ్చినా పంటమీద పడిన జంతువును కాల్చే హక్కు మాత్రం దానివెంట రాదు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా, కారణాలు చూపుతూ అనుమతి ఇస్తేనే అది సాధ్యం. మొదటి షెడ్యూలులోని కృష్ణజింకకు పంట నష్టం కారణంగా ఆ అనుమతి సైతం దొరకదు. 62వ సెక్షను కింద ఒక జంతువును హానికర జీవిగా ప్రకటించే అధికారం కేంద్రానిది. 2015 డిసెంబరులో బీహారులో నీల్‌గాయ్‌, అడవిపందుల విషయంలో, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందుల విషయంలో కేంద్రం పరిమిత కాలానికి ఆ విధంగా ప్రకటించింది.

రోళ్ళపాడు పరిసరాల్లో బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం ఫలితంగా కృష్ణజింకలు పెరిగాయి, బట్టమేకపిట్ట మాత్రం కనుమరుగయింది. జింకల మందలు పొలాలమీద పడుతున్నాయని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు. నల్లమల అంచున మొక్కజొన్న, వేరుశనగ వేసినవారికి అడవిపందులతో రాత్రి నిద్ర ఉండదు. తుపాకీ లైసెన్సుకు కలెక్టరు కార్యాలయం, కాల్చే అనుమతికి అటవీ శాఖ, నష్టపరిహారానికి మళ్ళీ అర్జీ, పంచనామా. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఈ తిరుగుడు పడలేక కొందరు కరెంటు తీగలు, నాటుబాంబులు, ఉచ్చులవైపు మళ్ళుతున్నారు. ఆ తీగలకు జింకలే కాదు, రాత్రివేళ నీరు కట్టడానికి వెళ్ళే రైతులూ, కూలీలూ బలవుతున్నారు.

అమెరికా పద్ధతిని ఇక్కడికి తెచ్చిపెట్టమనడం అవివేకం. అక్కడ మూడు కోట్ల జింకలున్నాయి, ఇక్కడ పులికి ఆహారంగా దుప్పులు, కణుజులు చాలినన్ని ఉన్నాయో లేవో లెక్కించవలసిన స్థితి ఉన్నది. అయితే ఎన్ని జంతువులున్నాయో ఏటా లెక్క తేల్చి, ఆ లెక్కను ప్రజల ముందుంచి, దానినిబట్టి నిర్ణయం తీసుకునే అక్కడి అలవాటును గమనించవచ్చు. ఏ మండలంలో ఎన్ని ఎకరాల పంట ఏ జంతువువల్ల పోయింది, ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్నింటికి పరిహారం అందింది అన్న వివరాలను అటవీ, వ్యవసాయ, రెవెన్యూ శాఖలు కలిసి రైతు సేవా కేంద్రాల్లో ప్రదర్శిస్తే, సౌర కంచె రాయితీ ముందుగా ఏ గ్రామాలకు ఇవ్వాలో గ్రామ సభలోనే తేల్చుకోవచ్చునని రైతులు కోరుతున్నారు.